మబ్బుల్ని అదిలించిన తీగ

నడిమిలంక, కొల్లేరు
22-7-1935

చిరంజీవి కనకరాజుకి తాత పెద్దిరాజు దీవించి, ఎవరిచేతా రాయించకుండా సొంతంగా రాసేది.

ఒరే, ఈసారి నువ్వు పంపిన కవర్ల జిగురు బొత్తిగా బాగోలేదు. నాలిక్కి తగిలితే వేపబెరడు నాకినట్టుంది. పాత కవర్ల జిగురు కాస్త తియ్యగా ఉండేది. రాసే ఓపిక లేకపోయినా ఆ జిగురు కోసం రాసేవాణ్ణి. మెతుకు పెట్టి అంటించండి మావయ్యా అంటంది మీ అమ్మ గంగమ్మ. నా నాలిక మీద జాలి అనుకునేవు. పొద్దుటినించీ నేను పెడతన్న నస భరించలేక.

సత్తియ్య మేనల్లుడు వెంకట్రాజు ఎండుచేపలమ్మటానికి మీ గూడెం వచ్చేడుగా. వచ్చినకాణ్ణించీ ఊరంతా నీ కబుర్లే. బుచ్చిబాబు గారి బియ్యం మిల్లు మీద తాడిచెట్టుకి రెండింతల వాసం పాతేరట, దాని కొసన తీగ కట్టేరట, కింద గదిలో నువ్వు చెవులకి డిప్పలు తగిలించుకుని టకటకా కొడతన్నావట. ఇక్కడ కొడితే ఆకాశానికి తగిలి ఆస్ట్రేలియాలో దిగుద్దని నువ్వే చెప్పేవట. రేవులో అందరూ నవ్వేరు. అందరికంటే ఎక్కువ నేనే నవ్వేను. మా వాడు చిన్నప్పుడు మామిడికాయని కొడితే పక్కింటి కుండకి తగిలేది, ఇప్పుడు ఆకాశాన్ని కొడతన్నాడా అన్నాను.

వాన జాడ లేదు. బుడమేరు రాలేదు, తమ్మిలేరు రాలేదు. కొల్లేరు మోకాటిలోతుకి దిగింది. దోనెలు తేలటం లేదు, ఈడ్చుకుంటా పోతన్నాం.

నిజంగా ఆకాశానికి తగులుద్దా? ఊరికే అడుగుతున్నాను. సత్తియ్య అడిగేడు. మన ఊరి పెద్దగా, అన్నీ అడగాలి వాడికి. నాకంటే రెండేళ్ళు చిన్న, గొంతు మాత్రం నాకు బాబులా పెడతాడు.

తాత


తాడేపల్లిగూడెం
26-7-1935

తాతగారికి కనకరాజు నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి మిల్లు గదిలో ఒక్కణ్ణే నవ్వుకున్నాను. కొత్త కవర్లు కొంటాను. ఈసారి నేనే నాలిక పెట్టి చూసి పంపుతాను.

మీరు అడిగినదానికి జవాబు. వానమబ్బు మనకి మైలో, రెండు మైళ్ళో పైన ఉంటుంది. మా వైర్లెస్ తరంగం మబ్బులోంచి దూరిపోతుంది. దోమతెరలోంచి గాలి పోయినట్టే. అది తగిలి వెనక్కి వచ్చే పొర చాలా పైన ఉంది. గూడెం నుంచి బెజవాడ ఎంత దూరమో అంత దూరం నిటారుగా పైకి వెళితే అక్కడ మొదలవుతుంది. ఎండ వల్ల అక్కడి పలచని గాలి ఒక రకంగా మారి తరంగాన్ని తిప్పికొడుతుంది. బుచ్చిబాబు గారికి సర్కారు లైసెన్సు ఉంది. మొన్న ఆస్ట్రేలియాలో ఎవరో దొరతో ఆయన మీట కొడుతూ మాట్లాడారు. అక్కడ చలికాలమట. ఇక్కడ చెమటలు కారుతుంటే అక్కడివాడు చలి అంటే మేం నమ్మలేకపోయాం.

ఒక్క సంగతి మాత్రం మీకు చెప్పకుండా ఉండలేను. బాబుగారికి వచ్చే ఇంగ్లీషు పత్రికలో చదివాను. ఐరోపాలో ఒక పెద్ద స్టేషను కొత్తగా పెట్టారు. చాలా బలమైనది. దూరాన మరో ఊళ్ళో ఇంకో స్టేషను వింటున్నవాళ్ళకి ఆ మాటల వెనక ఈ పెద్ద స్టేషను పాట వినిపించింది. మిషన్ల తప్పనుకున్నారు. కాదట. పెద్ద స్టేషను తరంగం ఆ పొరనే కదిలించింది. కదిలిన పొర మీదుగా వెళ్ళిన రెండో తరంగానికి ఆ పాట అంటుకుంది.

ఇన్నాళ్ళూ ఆ పొరని అద్దం అనుకున్నాం తాతా. అద్దంలో ఎంతమంది మొహం చూసుకున్నా అద్దానికి ఏమీ కాదు. ఇది అద్దంలా లేదు, నీళ్ళలా ఉంది. ఒకడు దిగితే ఇంకొకడికి తెలుస్తుంది. ఇప్పుడు మీట మీద వేలు పెట్టిన ప్రతిసారీ పైన ఏం కదులుతోందో అనిపిస్తోంది. మాది చిన్న మిషను, భయపడాల్సిందేమీ లేదు. అయినా మనసు ఒకచోట నిలవడం లేదు.

అమ్మని అడిగానని చెప్పండి. ఈ ఏడు కొర్రమేను పడుతోందా?

కనకరాజు


నడిమిలంక
2-8-1935

చిరంజీవి కనకరాజుకి.

నా బుద్ధి గడ్డి తింది. నీ అక్షరాలు చీమల బారులా ఉన్నాయని, మిషను స్కూలు విశ్వాసం మాస్టారిచేత ఉత్తరం చదివించేను. ఆయన ఇంట్లో చదవొచ్చుగా? పాఠం చెప్పే గొంతు కదా, రేవులో నించుని ఊరంతటికీ చదివేడు. దోమతెర దాకా బాగానే విన్నారు. మనోడు భలే చెప్పేడన్నారు. నీళ్ళలా ఉంది అన్న చోట సత్తియ్య చుట్ట పక్కన పెట్టేడు.

నీకు తెలుసుగా మన పని. వల కట్టి, అవతల నించి దోనె అంచు మీద గెడతో చప్పుడు చేస్తా చేపని తోలతాం. అదిరిన చేప చప్పుడు లేనివైపు పారిపోద్ది. సత్తియ్య అన్నాడు గదా, పైనున్నది నీళ్ళలాంటిదని ఆ అబ్బాయే రాసేడు, వాడు టకటకా కొడతన్నాడు, మబ్బులు అదిరి అటు పోతన్నాయి, అందుకే జంగారెడ్డిగూడెం మెట్టమీద వాన పడింది, మనకి పడలేదు అని. మరి ఆ మాట విన్నాక ఎవడూ నవ్వలేదురా. నేను నవ్వబోయేను. ఒక్కడి నవ్వు బాగోదని దగ్గేను.

నువ్వో పని చెయ్యి. ఒక కాయితం మీద పెద్దక్షరాలతో, 'మా తీగ వల్ల ఆకాశానికి ఏమీ అవదు' అని రాసి పంపు. అంతే. పైన అద్దం, కింద నీళ్ళు, మధ్యన దొరలు, అవేవీ వద్దు. మాస్టారు మళ్ళీ చదివేస్తాడు.

ఇక్కడ అంతా కులాసా. నాకు బాగా విశ్రాంతి దొరికింది. వలలు చూరుకి వేలాడదీసేను. యాభయ్యేళ్ళలో ఇంత పొడి కాళ్ళు నాకెప్పుడూ లేవు. పెళ్ళికొడుకు పాదాల్లా ఉన్నాయి. మీ అమ్మ తుంగచాపలు అల్లుతోంది. పొద్దస్తమానం అదే పని.

తాత


తాడేపల్లిగూడెం
11-8-1935

తాతగారికి నమస్కారాలు.

ఆ ఒక్క వాక్యం రాద్దామని నాలుగుసార్లు కూచున్నాను. నాలుగు కాయితాలు చింపేశాను. తాతా, అది నాకు తెలియని మాట. మా తరంగం మబ్బుని తోలదు, ఎన్నిసార్లయినా రాస్తాను. కానీ ఆకాశానికి ఏమీ అవదు అనే మాట ఇవాళ లోకంలో ఎవరూ అనలేరు. పదేళ్ళ క్రితం అయితే అనేవాళ్ళేమో. ఇప్పుడు ప్రతి దేశంలోనూ స్టేషన్లు లేస్తున్నాయి, ఒకదాన్ని మించి ఒకటి బలంగా. అందరూ ఒకే నీళ్ళలో దిగుతున్నారు. ఆ నీళ్ళు ఎప్పటికి తేరుకుంటాయో, అసలు తేరుకుంటాయో లేదో లెక్క కట్టినవాడు లేడు.

ఇంక మీ సంగతి. శ్రావణంలో వలలు చూరుకి ఎందుకు ఎక్కాయి? అమ్మ పొద్దస్తమానం చాపలెందుకు అల్లుతోంది? నాకు అనుమానం వచ్చి ఆదివారం ఏలూరు వెళ్ళాను. చేపల బజారులో పెదపాడు ఆవిడ రూతమ్మ, మీ దగ్గర జెల్లలు కొనే ఆవిడ, కనిపించింది. మీ దోనెని బోర్లించి దానికి వేపమండ కట్టారట. మిమ్మల్ని నీళ్ళలో దిగవద్దన్నారట. ఊరంతటికీ తెలిసిన సంగతి నాకు తెలియనివ్వలేదు మీరు. పెళ్ళికొడుకు పాదాలు అని రాశారు.

బాబుగారిని బతిమాలి ఆరు రోజులుగా మిషను కట్టేయించాను. ఆయన మొదట నవ్వారు, నా మొహం చూసి ఊరుకున్నారు. ఆరు రోజులుగా ఒక్కసారి కూడా మీట కొట్టలేదని సత్తియ్య గారితో చెప్పండి. కావాలంటే ఉద్యోగం మానేసి వచ్చేస్తాను. దయచేసి ఇకమీదట ఏదీ దాచకండి.

కనకరాజు


నడిమిలంక
14-8-1935

కనకా,

ఆ రూతమ్మ నోట్లో నువ్వుగింజ నానదని తెలిసీ జెల్లలతోపాటు కబుర్లు కూడా అమ్మటం నాదే తప్పు.

నిజమే. మండ కట్టి పదిహేను రోజులైంది. సత్తియ్యని తిట్టకు. వాడు మండ కట్టేటప్పుడు నా మొహం చూళ్ళేదు. ఇంటింటికీ ఆకలి మొదలైంది, జనం ఎవరో ఒకర్ని పట్టుకోవాలి గదా. మిషను కట్టేసేరని చెప్పేను. అదిరిన చేప అదే రోజు తిరిగొస్తదా పెద్దిరాజూ అన్నాడు. చేపల మాటలో వాణ్ణి గెలవటం నా వల్ల కాదు.

ఇప్పుడు అసలు మాట. నిన్న పెద్దలు కూచున్నారు. పాతిక్కి, ఆదివారం పొద్దున్న, నువ్వొచ్చి అమ్మోరి ముందు తడిబట్టల ప్రమాణం చెయ్యాలి. మీ తీగ ఆకాశాన్ని ఏమీ చెయ్యదని. చేస్తే మండ విప్పేస్తారు. చెయ్యకపోతే మన వలచోటు ఈ ఏడుకి వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. మా తాత వేసిన చోటది. మీ నాన్న పోయాక నిన్ను ఏలూరు బళ్ళో చదివించింది కూడా ఆ చోటే.

నీకు పద్ధతి తెలీదేమో, నీ ఎరికలో ఎవరూ చెయ్యలేదు. ప్రమాణం చేసేవాడి ఇంటి పెద్ద కొల్లేట్లోంచి మూడు కుండల నీళ్ళు ముంచి తెచ్చి నెత్తిన పోస్తాడు. ఒంటి మీద ఆ నీళ్ళు ఆరేలోపల మాట చెప్పాలి. చెప్పి వెనక్కి తిరిగి చూడకుండా ఊరు దాటి పోవాలి. పెద్దలు తేల్చేది వాడు పోయాకే. కొల్లేటి నీళ్ళతో తడిసి అబద్ధమాడినోడి ఇల్లు ఫాల్గుణం జాతర దాకా నిలవదంటారు. నేను ఒకణ్ణి చూసేను. పేరు రాయను.

నువ్వు రాయలేనన్నావు. రాయటం వేరు, అనటం వేరు. ఒక్క మాట అనెయ్యరా. నేనెప్పుడైనా నిన్ను ఏదన్నా అడిగేనా?

ఇది రాసి మళ్ళీ చదువుకున్నాను. అడగకూడని మాట అడిగేనేమో. నీకు తెలియనిదాన్ని తడిబట్టలతో అనమంటన్నాను. నాకు భయంగా ఉంది కనకా. చోటు పోతదని ఒక భయం, నువ్వు నా కోసం అనేస్తావని ఇంకో భయం. ఏది పెద్దదో తూచలేకపోతన్నాను.

మీ అమ్మ ఏమీ అనటం లేదు. చాప అల్లుతోంది.

తాత


తాడేపల్లిగూడెం
19-8-1935

తాతా,

వస్తున్నాను. శనివారం మధ్యాహ్నం బండికి ఏలూరులో దిగి, అక్కణ్ణించి నడిచి వస్తాను.

ఏం చెబుతానో నాకే తెలియదు. తోవలో ఆలోచించుకుంటాను. మీరు రెండు భయాలు రాశారు, నాకూ ఆ రెండే ఉన్నాయి. అమ్మతో ఈ సంగతి మీరేమీ మాట్లాడకండి, నేను వచ్చాక మాట్లాడతాను.

కనకరాజు


ఏలూరు స్టేషను
25-8-1935, సాయంత్రం

తాతా,

బండికి ఇంకా గంట టైముంది. ఈ కాయితం టీ కొట్టువాణ్ణి అడిగి తీసుకున్నాను.

వెనక్కి తిరిగి చూడకూడదన్నారు, చూడలేదు. పెదపాడు దాటేదాకా చూడలేదు. వెనకనించి ఎవరైనా తిట్టినా బాగుండేదనిపించింది. వాళ్ళు ఏం తేల్చారో నాకు తెలియదు.

ఒక్క మాట అనేస్తే అయిపోయేది. నోటి చివరిదాకా వచ్చింది. శనివారం సాయంత్రం మీతో, అమ్మతో, అనేస్తానని చెప్పాను కూడా. మీరు సరే అని తలుపు వైపు చూస్తూ కూచున్నారు. పొద్దున్న నెత్తిన నీళ్ళు పడ్డాక ఆ మాట రాలేదు. కొల్లేటి నీళ్ళతో తడిసి నాకు తెలియనిది తెలుసుననలేకపోయాను. మన చోటు నేనే పోగొట్టానేమో. మీ పాదాలు మళ్ళీ తడవకపోతే ఆ పాపం నాది.

వెంటనే రాయండి. చెడ్డ కబురైనా సరే. నవ్వించడానికి ఏదీ దాచకండి, ఒట్టు.

కనకరాజు


నడిమిలంక
28-8-1935

చిరంజీవి కనకరాజుకి తాత దీవించి రాసేది.

నువ్వు తలవంచుకుని చెప్పేవు, వాళ్ళ మొహాలు చూళ్ళేదు. నేను చూసేను. కాబట్టి నీ ప్రమాణం సంగతి నీకే చెప్పాలి.

"మా తీగ మబ్బుల్ని తోలదు, అది నాకు తెలుసు. ఆ పైన ఉన్నదాన్ని మనుషుల మాటలన్నీ కలిసి ఏం చేస్తున్నాయో నాకు తెలీదు. తెలీదనే ప్రమాణం చేస్తున్నాను." ఇంతేగా నువ్వన్నది. మొదటి ముక్కకి తలలూపేరు. రెండో ముక్కకి ఊపిన తలలు ఆగిపోయినాయి. మూడో ముక్కకి వెంకట్రాజు గాడు నోరు తెరిచి మూయటం మర్చిపోయేడు. నువ్వు రేవు దాటేదాకా ఎవరూ కదల్లేదు.

ముందు అరిచింది వెంకట్రాజే. తెలీదంటే తప్పు ఒప్పుకున్నట్టేగా మామా అన్నాడు. ఇంకో ఇద్దరు అవునన్నారు. చోటు పోయిందనుకున్నాను. అక్కడే తాడుచుట్ట మీద కూలబడ్డాను. ఎవరికీ కనబడకుండా కాలికి ముల్లు గుచ్చుకున్నట్టు నటించేను. అప్పుడు మీ అమ్మ లేచింది. పాతికేళ్ళలో పంచాయితీలో మీ అమ్మ గొంతు ఎవరూ విన్లేదు. సత్తియ్య మావయ్యగారండీ, అని మెల్లిగా అంది, "మావాడు మోసం చేసేవాడైతే మీక్కావలసిన మాటే చెప్పి పోయేవాడండి. తడిబట్టల్లో నించుని తెలీదన్నవాణ్ణి మీరింకెక్కడన్నా చూసేరాండీ?"

సత్తియ్య నన్నడిగేడు, పెద్దిరాజూ, మనం యాభయ్యేళ్ళుగా గెడ కొడతన్నాం గదా, తోలిన చేప సంగతే గానీ మిగతా కొల్లేరుకి ఆ చప్పుడు ఏం చేస్తందో నీకు తెలుసా అని. తెలీదన్నాను. నాకూ తెలీదన్నాడు. లేచి వెళ్ళి వాడి చేత్తోనే మండ విప్పేడు.

వదిలేసేడనుకోకు. ఊరి పెద్దగా, ముడి వెయ్యకుండా ఉండలేడు. ప్రతి ఏడూ ఫాల్గుణం జాతరకి నువ్వు రావాలట. ఆ ఏడు పైన ఏం తెలిసిందో రేవులో అందరికీ చెప్పాలట. ఏమీ తెలియకపోతే ఆ మాటే చెప్పాలి. నువ్వు బతికున్నంతకాలం. వెంకట్రాజుకి మాత్రం ఇప్పటికీ నచ్చలేదు. నేను కనబడితే మొహం తిప్పుకుంటన్నాడు. వాళ్ళింట్లో గిన్నెలు ఖాళీగా ఉన్నాయి, వాడి కోపం వాడిది.

వాన ఇంకా లేదు. నిన్న పడమట కాస్త నల్లబడింది, గాలేసి చెదిరిపోయింది. ఊళ్ళో జనం పైకి చూస్తన్నారు. నేనూ చూస్తన్నాను. ఇదివరకు మబ్బు కోసం చూసేవాణ్ణి, ఇప్పుడు నా చూపు మబ్బుని దాటి పోతంది. నీ బెజవాడంత దూరం లెక్కపెడతా మెడ పట్టేసింది. ఆ తప్పు నీది. కొబ్బరినూని పంపు.

నిన్న నీళ్ళలో దిగేను. మోకాటిలోతే. రెండు వాలుగలు, ఒక కొర్రమేను. మీ అమ్మ చాప పక్కన పెట్టి పులుసు పెట్టింది. మీ బాబుగారితో మీట విప్పుకోమని చెప్పు. మెల్లిగా కొట్టమను.

ఏదీ దాచొద్దని ఒట్టు పెట్టేవు గనక ఇంకోటి ఉంది. కాయితం చించెయ్యి చదివేక.

నువ్వు శనివారం అనేస్తానన్నావు చూడు, నేను తలుపు వైపు చూసింది అందుకే. నా కోసం అబద్ధం ఆడతాడు, వాణ్ణి అమ్మోరు పట్టుకుంటది అనుకున్నాను. వద్దనటానికి నోరు రాలేదు, చోటు మీద ఆశ. కొల్లేటి నీళ్ళు పడితేనే గదా ప్రమాణం కట్టేది. అందుకని తెల్లారగట్టే లేచి మూడు కుండలూ విశ్వాసం మాస్టారి మిషను స్కూలు నూతిలో తోడుకొచ్చేను. నూతినీళ్ళు మరీ తేటగా ఉన్నాయి, సత్తియ్యది గద్దచూపు, కుండకో పిడికెడు కొల్లేటి బురద కలిపేను. నువ్వు అంతలా వణికింది భయంతో కాదు. ఈ ఎండకి కొల్లేరు గంజిలా కాగిపోయుంటే, నీ నెత్తిన పడ్డవి చల్లటి నూతినీళ్ళు. నువ్వు ఎంత అబద్ధం ఆడినా నీకేమీ అయ్యేది కాదురా. ఆ నీళ్ళల్లో నించుని నిజం చెప్పేవు.

తాత